మిషిగన్ అడవికో దుర్భిణి

మిషిగన్ వాళ్ళను "మీదే ఊరండీ?" అని అడిగితే నోటితో చెప్పరు, అరచెయ్యి ఎత్తి చూపిస్తారు. ఆ రాష్ట్రంలో పెద్ద భాగం పటంలో అచ్చంగా చలికాలపు చేతితొడుగులా ఉంటుంది. బొటనవేలి కింద డిట్రాయిట్. నడిమి వేలి కొసన మాకినా జలసంధి. ఆ వేలికే కాస్త దిగువన, కణుపు దగ్గర, గ్రేలింగ్ అనే చిన్న ఊరు. నేను చెప్పబోయే అడవి ఆ ప్రాంతంలోనిది.

మా తమ్ముడు డిట్రాయిట్ శివారులో ఉంటాడు. నోవై, ట్రాయ్, కాంటన్ లాంటి ఊళ్ళలో తెలుగు మాట వినబడని బజారు లేదంటే అతిశయోక్తే గాని, మరీ పెద్ద అతిశయోక్తి కాదు. 2024లో దసరా సెలవులకు మరికొన్ని రోజులు కలుపుకొని నేను అక్కడికి వెళ్ళాను. డియర్‌బర్న్‌లో ఫోర్డు మ్యూజియం చూశాను, సరస్సులు చూశాను, ఎర్రబారిన మేపుల్ చెట్లను చూసి అందరిలాగే నోరు వెళ్ళబెట్టాను. వాటి సంగతి ఇప్పటికే చాలామంది రాశారు. నేను రాసేది ఒక దుర్భిణి బేరం గురించి.

తమ్ముడి పొరుగింటాయనకు 71 ఏళ్ళు. కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయినారు. ఏటా అక్టోబరు 1న అక్కడ విల్లంబులతో జింకల వేట మొదలవుతుంది. తుపాకుల వేట నవంబరు 15న. ఆ రోజున ఉత్తరాన చాలా బడులకు సెలవే ఇస్తారట! 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేట అన్న మాటను ప్రబంధాలలో తప్ప వినని నాకు ఇది వింతగా తోచింది. కాని అక్కడి లెక్క వేరు. ఆ ఒక్క రాష్ట్రంలోనే జింకలు అడ్డం వచ్చి జరిగే కారు ప్రమాదాలు ఏటా యాభై వేలకు పైమాటే. లైసెన్సు తీసుకోవాలి, నియమం పాటించాలి. వేటాడిన మాంసం అమ్మితే నేరం, తినవచ్చు, దానమివ్వవచ్చు.

ముప్పయ్యేళ్ళు మామూలు విల్లుతో వేటాడిన ఈ పెద్దాయనకు భుజానికి ఆపరేషన్ అయింది. ఇక తాడు లాగి పట్టుకోలేరు గనుక క్రాస్‌బో కొనుక్కున్నారు. తుపాకి మడమ లాంటి కొయ్యకు విల్లును అడ్డంగా బిగించినట్టు ఉంటుందది. ముందున్న రికాబులో కాలు పెట్టి, పిడి తిప్పుతూ తాడును వెనక్కు లాగితే అక్కడ చిక్కుకొని ఆగుతుంది. ఆ తర్వాత మీట నొక్కటమే. 2009కి ముందు మిషిగన్‌లో విల్లంబుల కాలంలో దీన్ని అంగవైకల్యం ఉన్నవారికి ప్రత్యేక అనుమతి మీద మాత్రమే వాడనిచ్చేవారు. ఆ ఏడు నియమాలు సడలించారు. ఇప్పుడు ముసలివాళ్ళకు ఇదే దిక్కు.

విల్లుతోపాటు పెట్టెలో ఒక చవక దుర్భిణి వచ్చిందట. చిక్కంతా దానితోనే. కిందటేడు అసురసంధ్య వేళ ఒక ఆడజింక కనబడింది. దుర్భిణిలో చూస్తే బూడిదరంగు ముద్ద మీద బూడిదరంగు ముద్ద. దూరం ముప్పయి గజాలనుకున్నారు, తీరా చూస్తే నలభై పైన. బాణం తగిలింది గాని తగలవలసిన చోట తగల్లేదు. నెత్తుటి చుక్కలు వాగు దాకా కనబడి, అక్కడ ఆగిపోయినాయి. రెండు రోజులు వెదికారు. దొరకలేదు. ఆ ఏడు మళ్ళీ అడవికి పోలేదాయన.

"మంచి దుర్భిణి కొనటమో, మానెయ్యటమో తేల్చుకోవాలి, ప్రొఫెసర్" అన్నారు నాతో. లెక్చరర్‌నని రెండుసార్లు చెప్పి చూశాను, లాభం లేకపోయింది.

కొడుకు 1,200 డాలర్ల దుర్భిణి కొనిపెడతానంటున్నాడు. మీట మీద వేలు పెడితే చాలు, దూరం తానే కొలిచి, గురి పెట్టవలసిన చోట చుక్క వెలిగిస్తుందట. ఇలాంటివి రెండు వేల డాలర్ల దాకా ఉన్నాయి. భార్యేమో రెండు వందలు దాటటానికి వీల్లేదంటున్నది. విల్లుకు పెట్టిన డబ్బు చాలదా అని ఆవిడ ప్రశ్న. మధ్యన మమ్మల్నిద్దరినీ వెంటబెట్టుకొని ఆయన అంగడికి బయలుదేరారు.

అంగడా అది! రెండు కల్యాణమండపాలు కలిపినంత ఉన్నది. గుమ్మంలో గడ్డితో కూరిన ఎలుగుబంటి రెండు చేతులెత్తి స్వాగతం చెబుతోంది. దుర్భిణుల దగ్గర పాతికేళ్ళ కుర్రవాడున్నాడు. ఖరీదైనది అంటగడతాడేమో అని నేను చూస్తూ ఉంటే, అతను మొదట అడిగిన ప్రశ్న "కళ్ళు చూపించుకున్నారా?" అని. వసంతకాలంలోనే కుడికంటికి శుక్లం తీయించుకున్నానన్నారు ఈయన. "అయితే సగం పని అయిపోయింది. కంట్లో పొర ఉంటే రెండు వేల డాలర్ల అద్దం కూడా పనిచెయ్యదు" అన్నాడు కుర్రవాడు. నాకు అతని మీద గురి కుదిరింది.

తర్వాత గంటసేపు అతను చెప్పింది నా క్లాసులో నేను చెప్పేదానికన్నా చక్కగా ఉన్నది. వాళ్ళ విల్లు బాణాన్ని సెకనుకు 350 అడుగుల వేగంతో వదులుతుంది. పెట్టె మీద 370 అని ఉన్నది గాని, అంగడి వెనక పరికరం పెట్టి ఈయన బాణంతోనే కొలిస్తే తేలింది 350. తేలిక బాణంతో కొలిచి పెట్టెమీద అచ్చువేస్తారట. 20 గజాల దగ్గర సరిగ్గా తగిలేట్టు గురి కుదిర్చితే, అదే గురితో 30 గజాల దగ్గర బాణం ఇంచుమించు మూడంగుళాలు కిందికి పోతుంది. 40 దగ్గర తొమ్మిది అంగుళాలు. 50 దగ్గర అడుగున్నర! జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎంతని? మన అన్నం పళ్ళెమంత. పెద్దాయన ముఖం చూశాను. కిందటేటి లెక్క ఆయనకు అప్పుడు పూర్తిగా తేలింది.

అందుకని క్రాస్‌బో దుర్భిణిలో ఒకే అడ్డగీత కాక ఒకదాని కింద ఒకటిగా నాలుగైదు గీతలుంటాయి. పైది 20 గజాలకు, తర్వాతవి 30కి, 40కి, 50కి. కాని విల్లుకూ విల్లుకూ వేగం వేరు గదా! అందుకు గొట్టం మీద వేగాల అంకెలు చెక్కిన వలయం ఒకటి ఉంటుంది. దాన్ని 350 దగ్గర పెట్టి, పై గీతతో 20 గజాల గురి కుదిర్చి, కింది గీతతో 50 గజాల దగ్గర వేసి చూసుకోవాలి. తేడా వస్తే వలయాన్ని రవంత జరపాలి. ఇక్కడొక కిటుకున్నది. చాలా దుర్భిణులలో ఈ వేగపు వలయమూ, బొమ్మను పెద్దది చేసే వలయమూ ఒకటే. "ఒకటిన్నర నుంచి ఐదు రెట్లు" అని పెట్టె మీద ఉన్నా, వేగానికి కుదిర్చాక దాన్ని తిప్పరాదు. తిప్పితే గీతల లెక్క తప్పుతుంది. కనుక ఎక్కువ రెట్లు చూపిస్తుందని ఎక్కువ డబ్బు పెట్టటం దండగ.

పెద్ద అద్దమైతే మసక వెలుతురులో బాగా కనబడుతుందనే నమ్మకంతో నేను 50 మిల్లీమీటర్ల అద్దమున్న దానివైపు చెయ్యి చాచాను. కుర్రవాడు నవ్వాడు. ముందు అద్దం వెడల్పును రెట్లతో భాగిస్తే కంటికి చేరే వెలుగు కిరణపు వెడల్పు వస్తుంది. 32 మిల్లీమీటర్ల అద్దాన్ని ఐదు రెట్లతో భాగిస్తే 6.4. పడుచువాళ్ళ కంటిపాప చీకట్లో ఏడు మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది గాని, డెబ్బయ్యేళ్ళ కన్ను ఐదు విచ్చుకోవటమే గొప్ప. మిగతా వెలుతురు కనుపాప పక్కన పడి వృథా. కొనవలసింది పెద్ద అద్దం కాదు, మంచి అద్దం, మంచి పూత. యాభై డాలర్ల దానికీ, నూట యాభై డాలర్ల దానికీ ఉన్న తేడా అంతా అక్కడే ఉన్నది. కుర్రవాడు రెండింటినీ కిటికీ దగ్గరికి తెచ్చి, బయట చెట్టు నీడలో ఉన్న బండి నంబరు చదవమన్నాడు. చవకదానిలో అంకెల చుట్టూ ఊదారంగు అంచు, అలుక్కుపోయినట్టు. రెండోదానిలో చక్కగా చదివాను. నూట యాభైకీ నాలుగు వందలకూ మధ్య తేడా మాత్రం నా కంటికి ఆనలేదు. తమ్ముడు కనబడిందన్నాడు గాని, వాడికి చిన్నప్పటినుంచీ ఖరీదైనవన్నీ బాగానే కనబడతాయి.

ఇంట్లో పాత తుపాకి దుర్భిణి ఉంటే బిగించుకోకూడదా అని అడిగాను. కూడదట. తుపాకి వెనక్కు తన్నుతుంది. ఈ విల్లు తాడు ఆగినప్పుడు ముందుకు కూడా ఒక్క గుంజు గుంజుతుంది. అందుకు తయారుచెయ్యని అద్దాలు లోపల కదిలిపోవచ్చు. పైగా తల కాస్త పక్కకు జరిగితే గీత కూడా జరిగినట్టు కనబడే దోషమొకటున్నది. తుపాకివాటిలో అది నూరు గజాల దగ్గర లేకుండా చేస్తారు, వీటిలో దగ్గరి దూరాలకు.

ఇక 1,200 డాలర్లది. పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకొని ఎంతోసేపు చూశారు. దానిలో మోసమేమీ లేదు, చెప్పినట్టే పనిచేస్తుంది. కొన్ని పడమటి రాష్ట్రాలలో విల్లుకు ఎలక్ట్రానిక్ సాధనం బిగించటమే నిషేధం గాని, ఈయనకు ఆ ఇబ్బంది లేదు. "65 గజాలకు కూడా చుక్క చూపిస్తుందా?" అని అడిగారు. "చూపిస్తుంది. కాని జింక ఊరుకోదు" అన్నాడు కుర్రవాడు.

ఆ మాట అర్థం కావటానికి నేను అంగడి రసీదు వెనక లెక్క వేసుకోవలసివచ్చింది. 40 గజాలంటే 120 అడుగులు. విల్లు చప్పుడు ఆ దూరం పోవటానికి సెకనులో పదో వంతు పడుతుంది. బాణానికి మూడో వంతు. అంటే చప్పుడు విన్న తర్వాత జింకకు దాదాపు పావు సెకను వ్యవధి ఉన్నది. పరుగెత్తటానికి అది మొదట కాళ్ళు ముడిచి ఒళ్ళు కిందికి వంచుతుంది. బాణం వచ్చేసరికి గుండె ఉన్న చోట వెన్ను ఉంటుంది. 60 గజాలైతే చెప్పనక్కర్లేదు. గీత ఎంత కచ్చితంగా ఉంటేనేం, జింక కదలికను ఏ గీతా కొలవదు. దూరం పెరిగే కొద్దీ ఆ దుర్భిణి ఇచ్చే ధైర్యమే ప్రమాదమని నాకు అనిపించింది. కొడుకు ప్రేమతో ఇస్తానన్న వస్తువు గనుక పైకి అనలేదు.

ఆయనే తేల్చారు. గీతలకు సన్నగా ఎర్రదీపం వెలిగే 180 డాలర్ల దుర్భిణి ఒకటి, చేత్తో పట్టుకొని దూరం కొలిచే పరికరం 120 డాలర్లది ఒకటి. ఆ పరికరంతో ముందే చెట్లకూ రాళ్ళకూ దూరాలు కొలిచిపెట్టుకుంటే సమయానికి తడుముకోనక్కర్లేదు. కొడుకుకు ఫోను చేసి, "నువ్వు ఇవ్వదలచుకుంటే డజను బాణాలు కొనిపెట్టు, రోజూ వేసి సాధన చేస్తాను" అన్నారు. భార్యకు నూరు డాలర్లు ఎక్కువయిందని ఎలా చెప్పారో నాకు చెప్పలేదు.

పది రోజులు పెరట్లో సాధన చేసి, గ్రేలింగ్ వెళుతూ నన్ను కూడా రమ్మన్నారు. డిట్రాయిట్ నుంచి ఉత్తరానికి రెండు వందల మైళ్ళు. ఊరి పక్కన ఓ సేబుల్ నది గులకరాళ్ళ మీద పారుతూ హ్యూరన్ సరస్సుకు పోతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఈ ప్రాంతమంతా నిలువెత్తు దేవదారులేనట. కలపకోసం నరికివేశారు. హార్ట్‌విక్ పైన్స్ అనే చోట 49 ఎకరాల పాత అడవి మాత్రం మిగిలింది. ఆ చెట్ల కింద నిలబడితే మాట్లాడబుద్ధి కాదు.

దారిలో ఆయనకు దశరథుడి కథ చెప్పాను. సరయూ తీరాన చీకట్లో నీళ్ళ చప్పుడు విని, ఏనుగనుకొని శబ్దభేది బాణం వేసి మునికుమారుణ్ణి చంపిన కథ. ఆయన చాలాసేపు రోడ్డు వంకే చూసి, "వేటగాళ్ళ పాఠాలలో మాకు మొదట చెప్పేది అదే. కంటితో పోల్చుకోనిదాని మీదికి వెయ్యకు అని" అన్నారు. తర్వాత, "ఆ ముసలి తలిదండ్రులు ఏమయ్యారు?" అని అడిగారు. చెప్పాను. చాలా మైళ్ళు ఇద్దరం మాట్లాడుకోలేదు.

సాయంత్రం గుడారంలో కూర్చున్నాం. సూర్యాస్తమయం ఏడుకు కాస్త ముందు. ఆ తర్వాత అరగంట దాకానే వేట చెల్లుతుంది. ఈ అరగంటకోసమే కదా ఇంత బేరం! చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. వెలుతురు తగ్గుతుండగా ఫెర్న్ మొక్కల అంచున ఒక మగజింక వచ్చి నిలిచింది. ఆయన దుర్భిణిలో చూసి, ఎర్రదీపాన్ని ఇంకా తగ్గించారు. అది ఎక్కువైతే కంటిపాప ముడుచుకొని చుట్టూ ఏమీ కనబడదట. తర్వాత విల్లు అలాగే ఉంచి, నన్ను చూడమన్నట్టు తల పక్కకు తీశారు. మామూలు కంటికి నీడలా ఉన్నది, అందులో ఒక్కసారిగా జింక అయింది. తడి ముక్కు, విడివిడిగా తిరిగే చెవులు, నోటినుంచి ఆవిరి. కొలిచి పెట్టుకున్న భూర్జవృక్షానికి అవతల ఉన్నదది. ఆ చెట్టు 40 గజాలు. ఆయన మీట మీద వేలు పెట్టలేదు. నాలుగు నిమిషాలు నిలబడి అది వెళ్ళిపోయింది. ఆయన గడియారం చూసుకొని, తాడు దించే బాణాన్ని నేలలోకి వేశారు.

మర్నాడు వేకువన చలికి భయపడి నేను గదిలోనే ఉండిపోయినాను. ఎనిమిదిన్నరకు ఫోను చేశారు. ఆడజింక, 22 గజాలు. బాణం తగిలాక అరవై గజాలు పరుగెత్తి పడిపోయిందట. "వెదకవలసిన పని లేకపోయింది" అన్నారు.

మాంసంలో సగం పేదల భోజనశాలకు ఇచ్చారు. మా మరదలు ఇంట్లో మాంసం వండదని ఆయనకు తెలుసు. ఆదివారం పొద్దున్న మా గుమ్మంలో బుట్టెడు ఆపిల్ పళ్ళు కనబడ్డాయి.