ఆధార్ కార్డు మొహం వద్దంది అమ్మమ్మ

మొన్న గ్రూపులో పెట్టిన అమ్మమ్మ బొమ్మ చూసి చాలామంది రెండు ప్రశ్నలు అడిగారు. ఫొటో తీస్తే అయిపోయేదానికి ఆయిల్ పెయింటింగ్ ఎందుకు? మొహం అంత నల్లగా వేసి కూడా వెలుగు ఎలా తెచ్చావ్? ఒక్క ముక్కలో తేలేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

ముందు రంగు సంగతి. కొట్లో స్కిన్ కలర్ అని అమ్మే ట్యూబు మన ఎవరి ఒంటి రంగూ కాదు, నేను కొనను. నల్ల ట్యూబు కూడా ముట్టను, మొహం బొగ్గు పూసినట్టు చచ్చిపోద్ది. బర్న్ట్ అంబర్‌లో అల్ట్రామెరీన్ నీలం కలిపితే లోతైన నలుపు వస్తుంది, అందులో ప్రాణం ఉంటుంది. మా నాగాయలంకలో పగలు ఆరుబయట కూర్చున్న మనిషి నుదురు చూడండి, ఆకాశం నీలం దాని మీద మెరుస్తూ కనపడుద్ది. నల్లటి ఒంటి మీదే ఈ మెరుపు బాగా తెలుస్తుంది. తెల్ల రంగు ఆఖర్న, కంట్లో ఒక చుక్క, ముక్కు మీద ఒక చుక్క. అంతే.

ఆయిలే ఎందుకంటే, అది నిదానం. నీళ్ల రంగు నిమిషాల్లో ఆరిపోద్ది. ఇందులో ఉండే అవిసె నూనె గాలిలో ఆక్సిజన్ పట్టుకుని మెల్లగా గట్టిపడుద్ది, రోజులు పడుతుంది. అమ్మమ్మ పొద్దున్నే మడ అడవిలోకి పీతలకి పోయి వచ్చాక అరగంట కూర్చుంటుంది, అందులో సగం కునుకే. మర్నాటికి చెంప ఇంకా తడిగా ఉంటుంది కాబట్టి ఆపిన చోటే మొదలుపెట్టొచ్చు. మొదటి పూత మాత్రం టర్పెంటైన్ కలిపి పల్చగా వెయ్యాలి, పైకి పోయేకొద్దీ నూనె పెంచాలి. తిరగేస్తే పై పొర పగుళ్లిస్తుంది.

రంగుల కంటే నాకు పెద్ద విషయం, మన మొహాల్ని ఇప్పటిదాకా ఎవరు ఎలా చూశారన్నది. మద్రాసు మ్యూజియంలో పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద 7 సంపుటాలు వేశాడు. మా యానాదులు ఏడో దాంట్లో ఉన్నారు. ఆయన మనుషుల తలలూ ముక్కులూ కొలిచాడు. ముక్కు వెడల్పునీ పొడవునీ లెక్కగట్టి ఒక అంకె రాసేవాళ్లు. ఆ ముక్కు ఎవరిదో అంకె చెప్పదు. ఇప్పుడు కొలతలు పోయాయి గానీ, 'గిరిజన స్త్రీ' అని పేరు పెట్టి పూసలూ ముడతలూ వేసే బొమ్మలు పోలేదు. ఒకచోట ప్రదర్శన పెట్టేవాళ్లు అమ్మమ్మకి పూసల దండ వేస్తే బాగుంటుందన్నారు. ఆమె మెళ్లో ఉండేది పిన్నీసులు గుచ్చిన తాడు. నేను పిన్నీసులే వేశాను. బొమ్మ వెనక ఆమె పేరు, ఊరు రాశాను.

బందరు జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ దగ్గర అడివి బాపిరాజు గారు బొమ్మలు నేర్చుకున్నారు. మాకు దగ్గర్లోనే అంత చరిత్ర ఉంది, కానీ పీతలు పట్టే మనిషి మొహం ఆ బొమ్మల్లో నాకెక్కడా కనపడలేదు. అదెక్కడో హాలండ్‌లో వాన్ గో, 1885లో బంగాళాదుంపలు తినేవాళ్ల బొమ్మ వేసే ముందు, ఆ ఊరి రైతుల తలలే 40 దాకా వేసి చూసుకున్నాడు.

కూర్చోబెట్టాక కదలొద్దు అనను, మాట్లాడిస్తాను. మొదటి రోజే అమ్మమ్మ, "ఆ ఆధార్ కార్డు మొహం మాత్రం వద్దురా, అందులో పోలీసోళ్ల ముందు నిలబడ్డట్టున్నా" అంది. మాట్లాడే మనిషి నోరు కుదురుగా ఉండదు, అందుకే కళ్లూ దవడా ముందు వేసి నోరు చివరికి ఉంచుతాను. అలా మాటల్లోనే 77 ఉప్పెన వచ్చింది. ఆ నవంబరు 19న వాళ్లమ్మ కొట్టుకుపోయింది. ఆమెకి ఒక్క ఫొటో లేదు. మొహం సరిగ్గా గుర్తు రావట్లేదు అని అమ్మమ్మ చాలాసేపు ఊరుకుంది.

బొమ్మ సగంలో ఉండగా లేచొచ్చి, తడి రంగుకి తగలకుండా వేలు ఎడంగా పెట్టి ముక్కు చూపించింది. "ఇది నాది కాదురా, మా అమ్మది."

ఇప్పుడు వాళ్లమ్మ బొమ్మ వెయ్యమంటోంది. ముక్కు తన దగ్గరే ఉందంట. నుదురు మాత్రం ఎదురుమొండిలో ఉన్న చిన్నమ్మమ్మకి వచ్చిందంట. ఆదివారం హార్డ్‌బోర్డు ముక్క, అంబర్ ట్యూబు పట్టుకుని పడవెక్కుతున్నా.