జైసల్మేరు ఇసుక, మా రేకుల ఇల్లు

2024 దీపావళి సెలవులలో మేము సకుటుంబంగా జైసల్మేరు వెళ్ళివచ్చాము. షోలాపూరు నుంచి అంతదూరం దేనికి, ఆ డబ్బుతో తిరుపతి పోతే పుణ్యమైనా దక్కేది గదా అని బంధువులు అడిగారు. వారికి అప్పుడు నిజం చెప్పలేదు. మా యాత్రకు మూలకారణం ఒక బల్లి.

మా ఆఫీసు మిత్రుని కుమారుడు పుణెలో చదువుతూ ఒక బల్లిని కొని తెచ్చుకున్నాడు. ఇంగ్లీషులో దానిని లెపర్డ్ గెకో అంటారు. పసుపుపచ్చని ఒంటిమీద నల్లని చుక్కలు, లావుపాటి తోక, ఎప్పుడూ నవ్వుతున్నట్టుండే మూతి. ఆ అబ్బాయి పైచదువుకు పరదేశం పోతున్నాడు గనుక మరుసటి జూన్‌లోగా దానికొక ఆశ్రయం చూడాలి. “గాజుపెట్టెతో సహా ఊరికే ఇస్తాను, మీవాడికి ఇష్టమట గదా” అన్నాడు మిత్రుడు. మావాడికి పన్నెండేళ్ళు. ఇష్టమా! ఆ పెట్టె ముందు కూర్చుంటే వాడికి అన్నం ధ్యాస వుండదు.

ఇంట్లో మా అవ్వ ఒక్కమాటతో కొట్టిపారేసింది. “బల్లి మీద పడితే పంచాంగం తీసి చూసుకునేటోళ్ళం. దాన్ని పెట్టెల పెట్టి సాదుతరా?”

“ఇది గోడ ఎక్కలేదు బాపమ్మా, మీద ఎట్ల పడుతది?” అన్నాడు మావాడు.

వాడన్నది నిజమే. గోడబల్లి కాళ్ళకుండే అంటుకునే మెత్తలు దీనికి లేవు. గోడబల్లికి కదిలే రెప్పలు లేక నాలుకతో కళ్ళు తుడుచుకుంటుంది. ఇది మనలాగే రెప్ప వేస్తుంది. తిండి దొరికిన రోజుల్లో కొవ్వును తోకలో దాచుకుని, దొరకని రోజుల్లో దానిమీద బతుకుతుంది. గుడ్లను సుమారు 26 డిగ్రీల వేడిమిలో పొదిగితే ఆడపిల్లలు, 32 దగ్గరైతే చాలావరకు మగపిల్లలు పుడతాయట. ఇదంతా వాడు పుస్తకాలు చూసి ఒక నోటుబుక్కులో ఎక్కించాడు. లెక్కల నోటుబుక్కు అంత శుభ్రంగా ఎన్నడూ లేదు.

మేము అవుననీ కాదనీ అనలేకపోయాము. మాట్లాడుతుండగా బల్లి పలికితే మన పెద్దలు “సత్యం, సత్యం” అని వేలితో తడతారు. మరాఠీలోనో, మనసులో అనుమానం పుడితే “శంకేచీ పాల్ చుక్‌చుక్‌లీ” అంటారు, అనుమానపు బల్లి పలికిందని. ఒకే గోడ, ఒకే బల్లి. తెలుగింట్లో సత్యం, పక్కింట్లో సందేహం. రెండు భాషల మధ్య పెరిగినవాళ్ళం గనుక మాకు రెండూ ఒకేసారి వినబడ్డాయి. సందేహం ఎక్కడ పుట్టిందంటే, మిత్రుడన్న ఒక మాట దగ్గర: “ఎడారి జంతువు గదా, మన షోలాపూరు ఎండ దానికొక లెక్కా?”

“అయితే ఎడారి చూచి వచ్చి చెబుతాం” అని నోరు జారాము. మావాడు ఆ మాట పట్టుకుని వదలలేదు.

జోధపురంలో రాత్రి బండి ఎక్కితే జైసల్మేరు సుమారు 300 కిలోమీటర్లు. తెల్లవారేసరికి పెదవుల మీద, పళ్ళ మధ్య సన్నని ఇసుక. కిటికీ మూసే వున్నది. ఎట్లా వచ్చిందో తెలియదు. 1156లో రావల్ జైసల్ కట్టించిన కోట పొద్దుటి ఎండలో నిజంగానే బంగారంలా వుంటుంది. లోపల నేటికీ జనం కాపురాలు చేస్తున్నారు. బురుజుల పక్కన చీరెలు ఆరుతుంటాయి. కోటను గూర్చి ఎందరో వ్రాశారు. మా అవ్వ మెట్లెక్కలేక కింద చాయ్ దుకాణంలో కూర్చుని, తెలుగులో బేరమాడి రెండు గాజుల జతలు కొన్నది. అంతకుమించి మేము చెప్పవలసిందేమీ లేదు.

ఎడారి అంటే అంతా ఇసుకే అనుకున్నాము. కాదు. ఊరి చుట్టూ రాతినేల, గులకరాళ్ళు, ముళ్ళపొదలు, అక్కడక్కడ గడ్డిబీళ్ళు. దారి పక్కన ఒక చెట్టు చూచి మా అవ్వ జీపు ఆపించి దిగి చేతులు జోడించింది. అది జమ్మి. అక్కడ ఖేజ్డీ అంటారు, రాజస్థాను రాష్ట్రవృక్షం అదే. షోలాపూరులో దసరానాడు చుట్టుపక్కలవాళ్ళు ఆపటా ఆకు పంచితే, మన ఇళ్ళలో జమ్మి ఆకు కోసం ఎంత వెతుకుతామో చదువరులకు తెలుసు. ఇక్కడ మేకలు దానిని కడుపునిండా మేస్తున్నాయి.

మావాడి నోటుబుక్కులోని బల్లి కూడా అసలు రాతినేలదే. 1854లో ఎడ్వర్డ్ బ్లైత్ అనే కలకత్తా మ్యూజియం పండితుడు దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఆ నమూనా పంజాబు ఉప్పుకొండలది, నేడది పాకిస్తాను. అఫ్గనిస్తాను నుంచి ఇటువైపు వరకు రాళ్ళ సందులలో, గట్టినేల బొరియలలో వుంటుంది. ఎడారి బల్లి అని గాజుపెట్టెలో ఇసుక పోస్తే, తిండితోపాటు ఇసుక మింగి పేగులు పూడి చచ్చినవి ఎన్నో వున్నాయట.

సమ్ ఇసుకతిన్నెలు ఊరికి 40 కిలోమీటర్లు. మధ్యాహ్నం రెండింటికి చేరాము. అక్టోబరు నెలాఖరు అన్నమాటే గాని ఇసుక మీద చెప్పులు లేకుండా నిలబడలేకపోయాము. మా ఒంటెవాడు అరవై దాటిన మనిషి. మావాడు వచ్చీరాని హిందీలో బల్లుల సంగతి అడిగితే నవ్వి, “ఇప్పుడా? చెయ్యి పెట్టి చూడు” అన్నాడు. పొద నీడన ఇసుక తోడి, వాడి చేతిని మోచేతిదాకా లోపలికి దింపించాడు. పైన చుర్రుమంటున్నది, లోపల కుండలోని నీళ్ళలా చల్లగా వున్నదట. మేమూ చెయ్యి పెట్టి చూచాము. మా అవ్వ కూడా.

“అవన్నీ అక్కడ నిద్రపోతున్నాయి” అన్నాడు ఒంటెవాడు.

సాయంత్రం జీపుల మోత, పాటల గోల భరించలేక అతడు మమ్మల్ని దూరంగా తీసుకుపోయాడు. చీకటి పడ్డాక బ్యాటరీలైటు వేస్తే ఇసుకలో రెండు చుక్కలు మెరిశాయి. దగ్గరికి పోతే ఇసుకరంగు బల్లి, వేలికంటె కొంచెం పెద్దది. ఇది వేరే జాతి, ఇసుకలోనే పుట్టి ఇసుకలోనే బతికేది. తల ఎత్తి చూచింది, నాలుగడుగులు వేసింది, చిన్న పురుగును పట్టింది, బొరియలో దూరింది. అంతే. మావాడు ఆ బొరియ ముందు గంటసేపు బోర్లా పడుకున్నాడు. సీసాలో ఒకదానిని పట్టి ఇమ్మని అడిగితే ఒంటెవాడు చెవులు పట్టుకున్నాడు. ఆ ప్రాంతంలో 3,162 చదరపు కిలోమీటర్ల ఎడారి జాతీయ ఉద్యానం వున్నది. అభయారణ్యంలో నుంచి ఏ వన్యప్రాణిని అనుమతి లేకుండా తీసుకుపోయినా 1972 చట్టం కింద నేరం.

ఇక్కడొక మాట చెప్పాలి. మా ఊరి దగ్గర నన్నజ్‌లో 1979లో బట్టమేక పిట్టకు అభయారణ్యం పెట్టారు. మరాఠీలో మాళఢోక్ అంటారు. చిన్నప్పుడు బడి నుంచి పోయి ఆ పిట్టలను కళ్ళారా చూచాము. మావాణ్ణి ఎన్నిసార్లు తీసుకుపోయినా ఒక్కటీ కనబడలేదు. దేశంలో మిగిలిన బట్టమేకలలో ఎక్కువభాగం ఈ జైసల్మేరు జిల్లాలోనే వున్నాయి. 2019లో సమ్ వద్దనే వాటికి గుడ్లు పొదిగించే కేంద్రం మొదలైంది. ఈసారి కూడా మాకు కనబడలేదు. బల్లి కనబడిందిగా అన్నాడు మావాడు.

ఇంటికి వచ్చాక వాడు పెట్టె మాట ఎత్తలేదు. ఫిబ్రవరి చివర ఒక థర్మామీటరు కొనిపించుకుని, పెట్టె పెట్టవలసిన మూలలో తగిలించాడు. మాది రేకుల ఇల్లు. మగ్గాల కాలంలో మా తాత వేయించినది, పైన మేడ లేదు. ఆ బల్లికి పెట్టెలో ఒక కొన సుమారు 32 డిగ్రీలు వుండాలి, రెండో కొన 25 దగ్గర వుండాలి. ఎప్పుడు ఏది కావాలో అది చూసుకుంటుంది. చలిదేశాల్లో అడుగున వేడిపలక పెడితే చాలు. మావాడు మధ్యాహ్నం మూడింటికి వ్రాసుకున్న అంకెలు మార్చి నెలాఖరుకే 38 దాటాయి. ఏప్రిల్ రెండోవారంలో 41. గాజుపెట్టెకు రెండు కొనలూ ఒకటే. మోచేతి లోతు ఇసుక లేదు, రాతిసందు లేదు.

“కూలరు పెడితే?” అన్నాము, వాడి ముఖం చూడలేక.

“నాకు లేని కూలరు బల్లికా?” అన్నది మా అవ్వ. కూలరు పెట్టినా కరెంటు పోయిన మధ్యాహ్నాలకు ఏమి చేస్తాము? ఇంటావిడ లెక్క వేరు. ఆ బల్లులు పదిహేను, ఇరవై ఏళ్ళు బతుకుతాయి. “వీడు ఉద్యోగమని పుణెకో హైదరాబాదుకో పోతాడు. ఆనాడు దానికి పురుగులు వేసేది మీరా?” అన్నది. పురుగులు పుణె నుంచి కొరియరులో రావాలి. అవీ బతికి వుండాలి, వాటికీ తిండి పెట్టాలి. మేము మాట్లాడలేదు.

ఏప్రిల్ మూడో ఆదివారం వాడే నోటుబుక్కు తెచ్చి మా ముందు పెట్టి, “బాపూ, వద్దని చెప్పు” అన్నాడు. చెప్పి లోపలికి పోయాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. మేమూ సరిగా తినలేదు. మరునాడు మిత్రునికి చెబితే కొంచెం నొచ్చుకున్నాడు. బల్లి చివరికి పుణెలోనే చల్లని ఇంట్లో వుండే ఒక విద్యార్థి దగ్గరికి చేరింది. పెట్టెను తీసుకుపోయేముందు మావాణ్ణి ఒకసారి తీసుకుపోయాము. చేతిమీద పాకించుకుని, రెప్ప వేసేదాకా చూచి ఇచ్చేశాడు.

థర్మామీటరు ఇంకా ఆ మూలనే వున్నది. రాత్రులు ట్యూబులైటు దగ్గరికి నాలుగు గోడబల్లులు వస్తాయి. వాటిలో ఒకటి జూలైలో తలుపు సందున పడి తోక పోగొట్టుకున్నది. మావాడు వారానికొకసారి స్టూలెక్కి, కొత్త తోక ఎంత వచ్చిందో చూచి నోటుబుక్కులో వ్రాస్తున్నాడు.