తాబేలు గుర్తు మీదే... అలాస్కాకి!

‘నేనెక్కడ నడవగలనర్రా... మీరు వెళ్లిరండి. నేనిక్కడే కూర్చుంటా!’ మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లున్న ప్రతి ఇంట్లోనూ వినిపించే మాటే ఇది. తిరుపతికైనా అంతే, అమెరికాకైనా అంతే. పిల్లల దగ్గరికని సియాటెల్‌కో శాన్‌ఫ్రాన్సిస్కోకో వెళ్లిన తెలుగు అమ్మానాన్నలకు ఆ పిల్లలు చూపించాలనుకునే వాటిల్లో అలాస్కా ఓడ ప్రయాణం ఒకటి. వారం రోజులు, మంచుకొండలు, తిమింగలాలు... అన్నీ బాగానే ఉంటాయి. తీరా టికెట్లు కొనే సమయానికి మళ్లీ అదే మాట.

ఆ మాటకు బ్యాటరీతో నడిచే జవాబు ఒకటుంది. దాని పేరే మొబిలిటీ స్కూటర్. కాకపోతే, దాన్ని ఓడెక్కించడం కారు డిక్కీలో పెట్టినంత తేలిక కాదు. అక్కడ లెక్కంతా అంగుళాల్లో ఉంటుంది!

ఓ ప్లంబరు చేసిన బండి

మొబిలిటీ స్కూటరంటే మన రోడ్ల మీద తిరిగే స్కూటర్ కాదు. మూడు లేదా నాలుగు చిన్న చక్రాలు, వాటి మీద ఓ కుర్చీ, ముందు ఓ హ్యాండిల్, కుర్చీ కింద బ్యాటరీ. అంతే. 1968లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ప్లంబింగ్ పనులు చేసే అలన్ థీమ్, నరాల జబ్బుతో నడవలేకపోతున్న తన కుటుంబసభ్యురాలి కోసం ఇలాంటి బండిని తయారుచేశాడు. దానికి ‘అమిగో’ అని పేరు పెట్టాడు. స్పానిష్‌లో ఆ మాటకు ‘స్నేహితుడు’ అని అర్థం.

చక్రాల కుర్చీకీ దీనికీ తేడా ఒక్కటే. చాలాసార్లు కుర్చీని వెనక నుంచి మరొకరు తోయాలి. స్కూటర్ని మాత్రం కూర్చున్నవాళ్లే నడుపుకుంటారు. మీట నొక్కితే కదులుతుంది, వదిలేస్తే దానంతటదే ఆగిపోతుంది. చాలా బండ్ల హ్యాండిల్ మీద వేగం పెంచే గుండ్రటి మీట ఉంటుంది. దానికి ఓ పక్క తాబేలు బొమ్మ, ఇంకో పక్క కుందేలు బొమ్మ! ఓడ లోపల మీట ఎప్పుడూ తాబేలు వైపే ఉండాలి. ఇరుకు నడవాల్లో, పిల్లలు పరుగులు తీసేచోట కుందేలుకు పనిలేదు.

గుమ్మమే పెద్ద పరీక్ష

సియాటెల్ నుంచి అలాస్కా వెళ్లే పెద్ద ఓడల్లో కొన్నింటి పొడవు మూడొందల మీటర్లు దాటుతుంది. ఈ కొసన గది, ఆ కొసన భోజనశాల అయితే టిఫినుకు వెళ్లిరావడానికే అరకిలోమీటరు నడవాలి. రోజుకు మూడుపూటలా అదే పని! మామూలుగా ఇంట్లో చేతికర్రతో నెట్టుకొచ్చేవాళ్లకు కూడా ఓడలో స్కూటర్ అవసరమయ్యేది అందుకే.

అంత పెద్ద ఓడలోనూ మామూలు గది తలుపు వెడల్పు రెండడుగులకు అటూఇటూగా ఉంటుంది. విడదీసి మోసుకెళ్లే చిన్న స్కూటరే ఇరవై అంగుళాలకు అటూఇటూగా ఉంటుంది. ఎలాగో దూరినా లోపల తిరగడానికి చోటుండదు. ‘పోనీ బయట నడవాలో పెట్టేద్దాం’ అంటే ఓడవాళ్లు ఒప్పుకోరు. అది చాదస్తం కాదు, ప్రాణాల లెక్క. నిప్పంటుకుని నడవా అంతా పొగ కమ్మితే, గోడ పట్టుకుని పరుగెత్తేవాళ్లకు అడ్డంగా ఉన్న ఒక్క బండి చాలు ప్రమాదానికి. అందుకే స్కూటర్ రాత్రంతా గది లోపలే ఉండాలి, ఛార్జింగూ అక్కడే.

దీనికోసమే ప్రతి పెద్ద ఓడలోనూ కొన్ని ప్రత్యేక గదులుంటాయి. వాటి తలుపు సుమారు 32 అంగుళాలు. లోపల బండి గుండ్రంగా తిరిగేందుకు అయిదడుగుల జాగా. స్నానాల గదికి గడప ఉండదు. గోడకు పట్టుకునే కడ్డీలు, మడిచిపెట్టే బల్ల ఉంటాయి. అయితే వేలమంది ఎక్కే ఓడలో ఇలాంటివి కొన్ని పదులే. కాబట్టి ‘ముందు టికెట్ కొనేద్దాం, తర్వాత అడుగుదాం’ అంటే కుదరదు. గది దొరికాకే మిగతావన్నీ.

సైరన్ మోగితే...

కొంచెం భయంగా ఉన్నా ఇంట్లో అందరూ తెలుసుకోవాల్సిన విషయం ఇంకొకటుంది. ప్రమాద సమయంలో లిఫ్టులు వాడకూడదు. అంటే స్కూటర్‌ను వదిలేయాల్సిందే. నడవలేనివాళ్లను సిబ్బంది ప్రత్యేక కుర్చీల్లో మెట్ల మీదుగా దించుతారు. ఏ గదిలో ఎవరికి సాయం కావాలో వాళ్ల దగ్గర ముందే రాసి ఉంటేనే అది సాధ్యం. ‘మా అమ్మ కొద్దిగా నడవగలదులెండి’ అని మొహమాటపడి దాచకూడదన్నమాట. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఓడ మునిగి 32 మంది చనిపోయాక నిబంధనలు బిగిశాయి. 2015 నుంచి ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే ప్రయాణికులకు భద్రతా శిక్షణ ఇవ్వాలి. పెద్దవాళ్లను గదిలో పడుకోబెట్టి మిగతావాళ్లు వెళ్లొచ్చేది కాదది.

రేవు దిగితే లెక్క మారుతుంది

ఓడలో అంతా చదునే. లిఫ్టులుంటాయి, కార్పెట్లుంటాయి. అసలు కథ రేవులో మొదలవుతుంది.

కెచికన్ సంగతే చూడండి. విశాఖ తీరంలో ఆటుకూ పోటుకూ తేడా రెండు మీటర్ల లోపే. కెచికన్‌లో అది 20 అడుగుల దాకా వెళ్తుంది! సముద్రంతోపాటే ఓడా పైకీ కిందకీ జరుగుతుంది. దాంతో ఓడకూ రేవుకూ మధ్య వేసే వంతెన పొద్దున చదునుగా ఉండి, మధ్యాహ్నానికి నిటారుగా మారొచ్చు. అప్పుడు స్కూటర్ మీద కూర్చుని దిగడం కుదరదు. సిబ్బంది సాయం తీసుకోవాలి, లేదంటే కాసేపు ఆగాలి. ఏ వేళకు వంతెన చదునుగా ఉంటుందో ముందురోజే అడిగి తెలుసుకుంటే సగం ఇబ్బంది తప్పుతుంది. అక్కడి ‘క్రీక్ స్ట్రీట్’ వాగు మీద గుంజలు పాతి కట్టిన చెక్కల వీధి. చూడముచ్చటగా ఉంటుంది కానీ హైదరాబాద్‌కు నాలుగు రెట్లు వాన కురిసే ఊరది. తడి చెక్కల మీద మెల్లగా పోవాలి. హ్యాండిల్ దగ్గరి మీటలకు ప్లాస్టిక్ తొడుగు తప్పనిసరి.

అలాస్కా రాజధాని జూనోకు బయటి నుంచి రోడ్డే లేదు. ఓడలోనో విమానంలోనో రావాల్సిందే. రేవు పక్కనుంచే మౌంట్ రాబర్ట్స్ మీదకు రోప్‌వే ఉంది. ఆరు నిమిషాల్లో 1800 అడుగుల పైకి తీసుకెళ్తుంది. ఊరికి ఇరవై కిలోమీటర్ల దూరంలోని మెండెన్‌హాల్ హిమానీనదం దగ్గర, ఫొటోలు తీసుకునే చోటు దాకా చక్రాలు వెళ్లే బాట వేశారు. కానీ అక్కడికి చేర్చే బస్సుకు లిఫ్టుండాలి. అది ముందే చెప్పి పెట్టుకోవాలి.

స్కాగ్‌వేలో బంగారం వేట నాటి రైలుంది. 1898లో మొదలుపెట్టి 1900కల్లా పూర్తిచేసిన ‘వైట్ పాస్’ లైను అది. 20 మైళ్ల దూరంలోనే దాదాపు 2900 అడుగులు ఎక్కుతుంది. చక్రాల కుర్చీలను ఎక్కించే లిఫ్టున్న పెట్టెలున్నాయి. స్కూటర్ పొడవు ఎక్కువ కాబట్టి అది పడుతుందో లేదో కొలత చెప్పి అడగాలి.

ఒక్కోసారి రేవులో చోటు లేక ఓడ సముద్రంలోనే లంగరు వేస్తుంది. ప్రయాణికులను చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. చాలా ఓడలు బరువైన స్కూటర్లను ఆ పడవల్లోకి ఎక్కించవు. అలాంటి రేవులు దారిలో ఎన్నున్నాయో టికెట్ కొనే ముందే చూసుకోవాలి.

కోర్టు దాకా వెళ్లిన గడప

ఈ వసతులన్నీ ఓడల కంపెనీలు దయతలచి ఇచ్చినవేం కాదు. వికలాంగుల పట్ల వివక్ష కూడదంటూ 1990లో అమెరికా చట్టం చేసింది. కానీ క్రూయిజ్ ఓడల్లో చాలావరకు బహమాస్, పనామా లాంటి వేరే దేశాల జెండాలతో తిరుగుతాయి. మరి వాటికి ఈ చట్టం వర్తిస్తుందా? కొందరు ప్రయాణికులు కోర్టుకెళ్లారు. అమెరికా జలాల్లోకి వచ్చే విదేశీ జెండా ఓడలకూ వర్తిస్తుందని 2005లో ఆ దేశ సుప్రీంకోర్టు చెప్పింది. ఓడ భద్రతకు అడ్డొచ్చే మార్పులు మాత్రం చేయనక్కర్లేదంది. కాబట్టి గది గురించీ లిఫ్టు గురించీ అడగడానికి మొహమాటం అక్కర్లేదు. అది సాయం కోరడం కాదు, హక్కు.

బయల్దేరేముందు...

* స్కూటర్ పొడవు, వెడల్పు, బరువు టేపుతో కొలిచి రాసిపెట్టుకోండి. ఓడవాళ్లు మొదట అడిగేవి ఇవే.
* ద్రవం నిండిన బ్యాటరీలను ఓడల్లోకి రానివ్వరు. జెల్, డ్రైసెల్, లిథియం రకాలే నయం. లిథియమైతే విమానంలో తీసుకెళ్లడానికి విడిగా పరిమితులున్నాయి. విమాన సంస్థకు ముందే చెప్పాలి.
* అమెరికాలో కరెంటు 120 వోల్టులు. మన ఛార్జరు దానికీ పనిచేస్తుందో లేదో చూడాలి. సర్జ్ ప్రొటెక్టరు ఉన్న ప్లగ్గుల బోర్డుల్ని ఓడలో ఒప్పుకోరు.
* ఇక్కడి నుంచి మోసుకెళ్లడం కష్టమైతే అక్కడే వారానికి అద్దెకు తీసుకోవచ్చు. నేరుగా ఓడ గదికే చేర్చేవాళ్లున్నారు.
* ఎక్కేముందు రెండ్రోజులు నడిపి చూడాలి. లిఫ్టులోంచి వెనక్కి రావడం నేర్చుకుంటే చాలు, అన్నీ వచ్చినట్లే!

దిగక్కర్లేని చోటు

గ్లేసియర్ బేకి వెళ్లే ఓడను ఎంచుకుంటే మాత్రం ఒకరోజు ఈ లెక్కలేవీ ఉండవు. అక్కడ క్రూయిజ్ ఓడలు ఆగే రేవు లేదు, ఓడ దిగే పనే లేదు. రోజుకు రెండు క్రూయిజ్ ఓడలకే అనుమతి. పార్కు ఉద్యోగులే పడవలో వచ్చి ఓడెక్కి, కనిపించే ప్రతి కొండ కథా చెబుతారు. మైలు వెడల్పున్న మార్జరీ మంచుగోడ ముందు ఓడ ఆగి, నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతుంది, రెండు వైపులవాళ్లకూ కనిపించాలని.

స్కూటర్ మీదున్న పెద్దాయన ఆ రోజు ఎవర్నీ పిలవక్కర్లేదు. ఓ దుప్పటి కప్పుకుని, లిఫ్టెక్కి, గాజు పలకల రెయిలింగ్ ఉన్న డెక్కు మీదకు తనంతట తనే వెళ్లొచ్చు. చలేస్తే లోపలికొచ్చి టీ తాగి, మళ్లీ వెళ్లొచ్చు. అప్పటికి పిల్లలింకా నిద్ర లేవకపోతే... వాళ్లను లేపి పిలుచుకురావాల్సింది కూడా ఆయనే!