హనుమంతుడు రాకముందటి రాముడు

ఒంటిమిట్ట కోదండరామస్వామి గర్భాలయమున సీతారామలక్ష్మణులు ఏకశిలయందు కొలువై యున్నారు. హనుమంతుడు మాత్రము అక్కడ కానరాడు. ఇది స్వామి ఆంజనేయుని కలిసికొనకపూర్వపు రూపమని పెద్దల మాట. యాత్రికులు దీనిని ఒక వింతగా విని వెళ్లుచుందురు. నిదానించి చూచినచో ఇందొక గొప్ప భావము గోచరించును. చేతికందిన రాజ్యము పోయినది. తోడు నిలువవలసినవాడు ఇంకను రాలేదు. ఆ నడిమికాలపు రాముడే ఇక్కడి దైవము. విధివశమున దెబ్బతిన్న ప్రతి జీవుడును ఏదో ఒకనాడు ఆ నడిమికాలమున నిలువవలసినవాడే.

విధిని గూర్చిన చర్చ అయోధ్యాకాండమున 22, 23 సర్గలలో కలదు. అభిషేకము తప్పుటకు దైవమే కారణమని రాముడు చెప్పును. నిన్నటివరకు తనను కన్నకొడుకువలె చూచిన కైకేయి నోట అంతటి కఠినవాక్యము వచ్చుట దైవప్రేరణచేతనే గాని ఆమె స్వభావముచేత కాదని ఆయన తర్కము. లక్ష్మణుడు దీనికి సమ్మతింపడు. దైవమని కూర్చుండుట పిరికివాని లక్షణమనియు, ఆ దైవమునే తన పౌరుషముతో మరలింతుననియు గర్జించును. వాల్మీకి మహర్షి ఈ ప్రతివాదమును తగ్గింపక పూర్తిగా వినిపించెను.

పాశ్చాత్యుల వీరగాథలలోను ఈ ప్రశ్నయే వచ్చినది. ఆంగ్లమున థామస్ మాలరీ రచించి, 1485లో అచ్చయిన ఆర్థరు రాజు కథలో, మే నెల మొదటి దినమున పుట్టినవాడు నిన్ను నాశనము చేయునని మెర్లిన్ అను జ్ఞాని రాజునకు చెప్పును. రాజు భయపడి ఆ దినమున పుట్టిన శిశువులను ఓడ నెక్కించి సముద్రముపాలు చేయును. ఓడ పగిలి పసివారు మరణింతురు. చావవలెనని రాజు కోరిన మోర్డ్రెడ్ మాత్రము బ్రతికి ఒడ్డు చేరును. కంసుని వృత్తాంతము నెరిగినవారికి ఇది క్రొత్త కాదు. కడపటి యుద్ధమున సైన్యమంతయు నశించిన పిమ్మట, కీడుదినము గడచినది, ఇక వానిని విడువుమని అనుచరుడు వేడినను ఆర్థరు వినక మోర్డ్రెడ్‌పైకి ఉరికి, వానిని చంపి, తానును ప్రాణాంతకమైన గాయము పొందును. ఆతనిని కూల్చినది జోస్యము మాత్రమే కాదు. మొదట భయము, చివర క్రోధము విధికి దారి చూపినవి.

రాముడు ఆ రెంటికిని లోబడలేదు. దైవమను మాటను ఆయన కైకేయిని క్షమించుటకే వినియోగించెను. తన ధర్మమును తప్పించుకొనుటకు వినియోగింపలేదు. అడవికి వెళ్లెను గాని కోదండమును క్రింద పెట్టలేదు. ఋషుల యజ్ఞములను కాచెను. మనము తరచు దీనికి విపరీతముగా నడచుచున్నాము. ఇతరుడు తప్పు చేసినచో అది వాని దుర్మార్గమందుము. మనము కర్తవ్యమును విడిచినచో అది నుదుటివ్రాత యందుము.

ఈ కోవెలయే దీనికి సాక్ష్యము. ఒకప్పుడిది జీర్ణదశకు చేరినది. కాలమహిమ యని ఊరకుండుటకు ఎవరికైనను అవకాశముండెను. ఆంధ్రవాల్మీకి వావిలికొలను సుబ్బారావు (1863–1936) ఊరకుండలేదు. వాల్మీకి రామాయణమును తెనిగించిన ఆ పండితుడు టెంకాయచిప్ప చేతబట్టి ఊరూర భిక్షమెత్తి ఆలయోద్ధరణము గావించెను. ఎవరిని నిందించుచు కూర్చుండలేదు, బిచ్చమెత్తుటకు సిగ్గుపడలేదు.

వానలు తప్పిన సంవత్సరమున ఈ సీమ రైతు సన్నిధికి వచ్చి, అంతయు నీ చిత్తమని మ్రొక్కి, మరునాడు మరల కాడి కట్టును. ఆ మ్రొక్కును, ఆ కాడియు రెండును భక్తియే. మొదటిది మాత్రము నేర్చి రెండవదానిని విడిచినవాడు ఈ స్వామి చేతిలోని విల్లును ఇంకను చూడలేదన్నమాట.

శ్రీకోదండరామార్పణమస్తు.