ఊరికే ఉన్న కార్డు

ఎండాకాలం మా కాణిపాకంలో మధ్యాహ్నం పూట గదిలో ఉన్న ఉక్క చాలదన్నట్టు కంప్యూటర్ వేడి కూడా తోడవుతుంది. తెర మీద సగం రాసిన ఉత్తరం తప్ప ఏమీ ఉండదు. గ్రాఫిక్స్ కార్డు ఫ్యాను మాత్రం రొద పెడుతూనే ఉంటుంది. పనే లేనప్పుడు దీనికెందుకింత ఆయాసం?

లినక్స్‌లో రేడియాన్ కార్డులకు ఈ జబ్బు చాలాకాలం ఉండేది. మనం చేత్తో మార్చుకుంటే తప్ప, కంప్యూటర్ లేచినప్పటి వేగమే రోజంతా. పనిని బట్టి వేగాన్నీ వోల్టేజీనీ మార్చే సరైన ఏర్పాటు 2013లో 3.11 కెర్నల్‌తో వచ్చింది. అదీ అడిగితేనే. చాలా కార్డులకు అడగకుండానే పనిచేసింది 2014 జనవరిలో, 3.13తో.

లాభం చిన్నదేం కాదు. వోల్టేజీ 1.2 నుంచి 0.9కి దిగి, వేగం సగమైతే, లెక్క ప్రకారం చిప్ పని మీద అయ్యే విద్యుత్తు 28 శాతానికి వస్తుంది. అయితే దించడానికో వరస ఉంది: ముందు వేగం, తర్వాత వోల్టేజీ. పెంచేటప్పుడు తిరగేయాలి. వరస తప్పితే యంత్రం బిగుసుకుపోతుంది.

మెమరీ వేగం మార్చడం ఇంకా సున్నితం. తెర మామూలుగా సెకనుకు 60 సార్లు బొమ్మ గీస్తుంది. ఒక బొమ్మకీ మరో బొమ్మకీ మధ్య మిల్లీసెకను కూడా ఉండని ఖాళీలో ఆ మార్పు ముగించాలి, లేకుంటే తెర మిణుకుమంటుంది. రెండు తెరలు పెడితే వాటి ఖాళీలు సాధారణంగా ఒకేసారి పడవు. అందుకే చాలా డ్రైవర్లు ఆ జోలికి పోకుండా మెమరీని పై వేగంలోనే ఉంచేస్తాయి. బల్ల మీద రెండు తెరలున్నవాళ్ల ఫ్యాను రొదకు మూలం చాలాసార్లు ఇదే.

మా స్థలపురాణంలో అన్నదమ్ములు ముగ్గురు. ఒకరికి చూపు లేదు, ఒకరికి మాట లేదు, ఒకరికి వినికిడి లేదు. ముగ్గురూ కలిస్తేనే సేద్యం. కార్డు వేగం సర్దడమూ అంతే (వరసిద్ధి వినాయకుడు మన్నించుగాక). పని ఎంతుందో ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలుసు, కార్డు ఎంత కాగిందో తెలీదు. కార్డులోని ఫర్మ్‌వేర్‌కు ఆ వేడి తెలుసు, మనకేం కావాలో తెలీదు. మధ్యన డ్రైవర్ కబుర్లు మోస్తుంది. ఒకరు సహకరించకపోతే ఏమవుతుందో, లినక్స్‌లో ఎన్విడియా కార్డులను నడిపే నూవో డ్రైవర్ చూసింది. 2014 సెప్టెంబరులో వచ్చిన కార్డుల నుంచి ఎన్విడియా తాను సంతకం చేసిన ఫర్మ్‌వేర్‌నే ఒప్పుకోవడంతో, ఏళ్ల తరబడి నూవో వాటి వేగం పెంచలేకపోయింది.

ఈసారి కార్డు కొనేటప్పుడు ఆటలో ఎన్ని ఫ్రేములిస్తుందని మాత్రమే కాదు, రెండు తెరలు తగిలించి ఊరికే వదిలేస్తే ఎన్ని వాట్లు తింటుందో కూడా అడగండి.