ర్యాంకు చెప్పని సంగతి

మొన్న ఆదివారం రాత్రి భోజనాలయ్యాక మా అమ్మాయి లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. ‘‘అమ్మా, నొక్కేస్తున్నా, చూస్తావా?’’ అంది. విశ్వవిద్యాలయ దరఖాస్తుల యూకాస్ పేజీలో రెండు పేర్లున్నాయి. మొదటి ఎంపిక న్యూకాజిల్. అక్కడ అడిగిన మార్కులు రాకపోతే రెండోది, మేముండే ఊరిదే, రెడింగ్ విశ్వవిద్యాలయం. రెండుచోట్లా చదివేది జాగ్రఫీ. మా ఆయన పెరుగు గిన్నె చేత్తో పట్టుకునే వచ్చి వెనక నిలబడ్డారు. అమ్మాయి నొక్కింది. రెండున్నరేళ్ళుగా మా ఇంట్లో నలిగిన విషయం ఆ రాత్రికి తేలింది.

ఇంగ్లండులో మన వాళ్ళ ఇళ్ళలో ఇది ఏటా ఎక్కడో ఒకచోట నలుగుతూనే ఉంటుంది. ఇక్కడి పద్ధతి మనకు తెలియదన్నది ఒక కారణం. అది నేర్చుకుంటే వస్తుంది. అసలు కష్టం వేరే ఉంది. చదువు ఎంచుకోవడం మనకు అలవాటు లేదు. మన తరంలో చదువు మనల్ని ఎంచుకుంది.

నా సంగతే చెప్తాను. పదో తరగతి లెక్కల్లో మంచి మార్కులొచ్చాయి కాబట్టి ఎంపీసీ. విజయవాడలో హాస్టలు, తెల్లవారుజామున నాలుగున్నరకి స్టడీ అవర్. 1998లో ఎంసెట్ ర్యాంకు. కౌన్సెలింగ్ హాల్లో నాన్న పక్కన కూర్చున్నాను. ఆయన ఒళ్ళో సర్టిఫికెట్ల ఫైలు, దాని మీద రెండు చేతులూ. మా వంతు వచ్చాక బల్ల దగ్గరికి వెళ్ళి ఆయన అడిగింది ఒకటే: ‘‘ఈ ర్యాంకుకి ఏమొస్తుందండీ?’’ కాకినాడలో ఈసీఈ ఉందన్నారు. ‘‘అదే రాసుకోండి’’ అన్నారు. ఈసీఈలో ఏం చెప్తారో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. నాన్న మీద నాకు ఏ కోపమూ లేదు. ఆ చదువే అన్నం పెట్టింది, ఇక్కడిదాకా తెచ్చింది. కానీ ఇది ఎందుకు చదవాలనుకుంటున్నావమ్మా అని ఆ రోజు గానీ, అంతకు ముందు గానీ నన్ను ఎవరూ అడగలేదు.

ఇక్కడ దరఖాస్తులో మొదటి ప్రశ్నే అది. ఐదు కోర్సులదాకా పెట్టుకోవచ్చు, అన్నిటికీ కలిపి ఒకటే పర్సనల్ స్టేట్‌మెంట్. 2026 ప్రవేశాల నుంచి దాన్ని మూడు ప్రశ్నలుగా విడగొట్టారు. ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారు? మీ చదువు దీనికి మిమ్మల్ని ఎలా సిద్ధం చేసింది? చదువు బయట ఏం చేశారు? మూడింటికీ కలిపి ఖాళీలతో సహా 4,000 అక్షరాలు, అంటే అచ్చులో ఒక పేజీ. ఆ పేజీ కోచింగ్ సెంటరు రాసివ్వగలిగేది కాదు, ఇవ్వకూడదు కూడా.

అయితే ఇక్కడ మొదటి మలుపు పద్దెనిమిదేళ్ళప్పుడు కాదు, పదహారేళ్ళకే వచ్చేస్తుంది. జీసీఎస్ఈకి తొమ్మిదో పదో సబ్జెక్టులు చదివిన పిల్లలు ఎ-లెవెల్స్‌కి వచ్చేసరికి సాధారణంగా మూడే ఉంచుకుంటారు. ఆ మూడింటితోనే కొన్ని తలుపులు తెరుచుకుంటాయి, కొన్ని మూసుకుపోతాయి. కెమిస్ట్రీ వదిలేస్తే మెడిసిన్ వదిలేసినట్టే అనుకోవచ్చు, చాలా మెడికల్ స్కూళ్ళు అది లేనిదే తీసుకోవు. మ్యాథ్స్ లేకుండా ఇంజినీరింగ్ కష్టం. మన వాళ్ళు చాలామంది ఆ మూడు సబ్జెక్టులు రాసిచ్చే ఫారాన్ని స్కూలు వాళ్ళు పంపే మామూలు కాగితాల్లో ఒకటి అనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం.

అమ్మాయి జాగ్రఫీ, మ్యాథ్స్, ఫిజిక్స్ అని రాసి తెచ్చింది. మా ఆయన కెమిస్ట్రీ ఏదని అడిగారు. ‘‘నాకు డాక్టర్ని అవ్వాలని లేదు నాన్నా’’ అంది. ‘‘ఇప్పుడు లేదంటావు, రేపు కావాలనిపిస్తే?’’ అన్నారు ఆయన. అందులో తప్పేం లేదు, ప్రేమే ఉంది. ఊళ్ళో అన్నయ్యకి ఫోన్లో చెప్తే, ‘‘జాగ్రఫీ ఏంటమ్మా, మ్యాపులు గీసే ఉద్యోగమా?’’ అన్నాడు. ఆ వారం మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. చివరికి ఆయన్ని ఒప్పించింది మ్యాథ్స్. ‘‘అది ఉంది కదా, ఎటైనా వెళ్ళొచ్చు’’ అని సంతకం పెట్టారు.

జాగ్రఫీ అంటే రాజధానుల పేర్లు, ఖండాల పటాలు అని నా మనసులోనూ ఉండేది. నదులకు వరదలెందుకొస్తాయి, ఎంత వానకి ఎంత నీళ్ళొస్తాయి, ఆ కబురు జనానికి ఎన్ని గంటల ముందు అందించగలం అనేది కూడా జాగ్రఫీలో చదువుతారని అమ్మాయి చెప్తేనే తెలిసింది. కెన్నెట్ నది థేమ్స్‌లో కలిసేది మా ఊళ్ళోనే. చలికాలం పొలాల్లో నీళ్ళు నిలబడితే పిల్లలు చూడ్డానికి వెళ్తారు. వరదల ముందస్తు అంచనాల మీద పనిచేసే హానా క్లోక్ మా ఊరి యూనివర్సిటీలోనే ప్రొఫెసరు. ఆవిడ మాట్లాడిన వీడియోలు అమ్మాయి చూస్తుంటే, ఇంకేవో యూట్యూబ్ వీడియోలనుకుని లైటు ఆర్పి పడుకోమన్నాను.

యూనివర్సిటీలు చూడ్డానికి రమ్మనే ఓపెన్ డేల సంగతి ఒకటి చెప్పాలి. పోయిన వేసవిలో ఒక యూనివర్సిటీకి వెళ్ళాం. డిపార్ట్‌మెంట్ గుమ్మం దగ్గర రెండో ఏడాది చదువుతున్న కుర్రాడొకడు అమ్మాయి వైపు చూసి, జాగ్రఫీలో నీకు ఏది ఇష్టం అని అడిగాడు. నేను జవాబు చెప్పాను. ‘‘తనకి ఎన్విరాన్‌మెంట్ అంటే ఇష్టం, మార్కులు కూడా బాగా వస్తాయి’’ అన్నాను. అమ్మాయి తల వంచుకుని చేతిలో కరపత్రం మడత పెట్టుకుంటోంది. కుర్రాడు మర్యాదగా నవ్వి పక్కవాళ్ళ వైపు తిరిగాడు. తిరిగొచ్చేటప్పుడు కారులో గంటన్నరసేపు ఎవరం ఏం మాట్లాడలేదు. అది తన ప్రశ్న. ఇంట్లో, స్కూల్లో, పార్టీల్లో ఎన్నాళ్ళ నుంచి దాని ప్రశ్నలకి నేను జవాబులు చెప్తున్నానో ఆ గంటన్నరలో నాకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. తర్వాతి ఓపెన్ డేలకి నేను వెళ్ళాను గానీ, ఏడెనిమిది అడుగులు వెనక నడిచాను.

సెప్టెంబరులో స్టేట్‌మెంట్ మొదలైంది. మొదటి ప్రతిలో ‘‘చిన్నప్పటి నుంచీ నాకు ప్రకృతి అంటే ఎంతో ఆసక్తి’’ అని రాసుకొచ్చింది. ఎవరైనా రాయగలిగేదే. సాయపడదామని నేను ఇంకా గొప్ప మాటలు చేర్చాను, అది తీసేసింది. మళ్ళీ చేర్చాను, మళ్ళీ తీసేసింది. ఒక శనివారం కంప్యూటరు మూసేసి, ‘‘రాయొద్దు, నాకు చెప్పు. ఎందుకు?’’ అన్నాను. చాలాసేపు ఏం అనలేదు. మధ్యలో అందుకోబోయి ఆగాను. ఆ ఆగడం నాకు ఎంత కష్టమైందో చెప్పలేను.

అప్పుడంది, ‘‘పిన్ని వాళ్ళింట్లో గోడ గుర్తుందా?’’

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగింది. మా చెల్లెలి ఇల్లు అక్కడే. వాళ్ళు పైవాళ్ళింట్లో తలదాచుకుని ఫోన్లో చార్జింగ్ ఉన్నంతవరకు మాట్లాడారు, తర్వాత రెండు రోజులు కబురు లేదు. మేమిక్కడ వార్తలు చూస్తూ కూర్చున్నాం. డిసెంబరు సెలవుల్లో వెళ్ళాం. అప్పటికి ఇల్లు కడిగి సున్నం వేసుకున్నారు గానీ వెనక గదిలో గోడ మీద బురద గీత అలాగే ఉంది. అమ్మాయి మా చెల్లెలి కుట్టుమిషను డబ్బాలోంచి టేపు తీసి గీతదాకా కొలిచింది. నాలుగడుగుల పది అంగుళాలు. ఫోన్లో రాసుకుంది. వీధిలో మరో మూడిళ్ళకి వెళ్ళి అక్కడా కొలిచింది. దానికి తెలుగు మాట్లాడటం కొంచెం తడబాటే, అయినా నీళ్ళు ఎన్నింటికి వచ్చాయి, ముందుగా ఎవరైనా చెప్పారా అని అందర్నీ అడిగింది. మైకులో చెప్పారన్నవాళ్ళున్నారు, ఎవరూ చెప్పలేదన్నవాళ్ళున్నారు. పక్కపక్క ఇళ్ళవాళ్ళే.

ఆ రాత్రి మా అమ్మ దివిసీమ ఉప్పెన సంగతి చెప్పింది. 1977 నవంబరు 19. అవనిగడ్డ వైపు ఆవిడ పుట్టిల్లు. పదివేలకు పైగా ప్రాణాలు పోయిన రాత్రి అది. ఆవిడ ఆ కథ నాకు చిన్నప్పుడు ఎన్నోసార్లు చెప్పింది. నేను కథగానే విన్నాను. అమ్మాయి విని, ‘‘అమ్మమ్మా, మీకు ఎవరూ చెప్పలేదా ముందు?’’ అంది. తుపాను ఉందని రేడియోలో అన్నారు గానీ సముద్రం ఊరి మీదికొస్తుందని ఎవరనుకుంటారే అంది అమ్మ.

‘‘అదే అమ్మా. వానొస్తుందని అందరికీ తెలుసు. నీళ్ళు మనింట్లోకి ఎంత ఎత్తున వస్తాయో ఎవరికీ తెలీదు. అది చెప్పడం నేర్చుకోవాలనుంది నాకు.’’

‘‘ఇదే రాయి’’ అన్నాను. రాసింది. టేపు, నాలుగిళ్ళు, అమ్మమ్మ రేడియో అన్నీ ఆ పేజీలో ఉన్నాయి. నేను దిద్దింది రెండు కామాలు మాత్రమే.

ఐదింటిలో ఒకచోట తీసుకోలేదు. నాలుగు చోట్ల ఇన్ని మార్కులొస్తేనే అన్న షరతుతో సీటిచ్చారు. కాదన్న రోజు అమ్మాయి గది తలుపేసుకుంది. మా ఆయన బయట నిలబడి, ‘‘పులిహోర చేశాను, రా’’ అన్నారు. ఆయన చేసే వంట అదొక్కటే. కాసేపటికి తలుపు తీసింది.

ఇక డబ్బు. దీని గురించి మన వాళ్ళు ఒకరినొకరు అడగరు, అందుకే చెప్తున్నాను. ఇంగ్లండులో 2025-26లో ఫీజు ఏడాదికి 9,535 పౌండ్లు. కంకిపాడు దగ్గరున్న స్థలం అమ్మేద్దామని మా ఆయన అన్నారు. అప్పంటే మనకు భయం, పిల్ల నెత్తిన అప్పు అంటే ఇంకా భయం. కాగితాలు ముందేసుకుని కూర్చున్నాక తెలిసింది, ఈ అప్పు మనకు తెలిసిన బ్యాంకు అప్పు లాంటిది కాదు. తల్లిదండ్రుల హామీ ఉండదు. ఫీజు నేరుగా యూనివర్సిటీకి వెళ్తుంది. 2023 ఆగస్టు నుంచి చేరినవాళ్ళు, సంపాదన ఏడాదికి 25,000 పౌండ్లు దాటాకే, ఆ దాటినదాంట్లో 9 శాతం చొప్పున కట్టాలి. సంపాదన పడిపోతే కట్టడం ఆగిపోతుంది. 40 ఏళ్ళకు మిగిలింది కొట్టేస్తారు. పిల్ల ఏం చదువుతుందో, ఎంత సంపాదిస్తుందో తేలకముందే స్థలం అమ్మడం తొందరపాటని మేం ఆగాం.

చేతికి తగిలే దెబ్బ వేరేచోట ఉంది. తిండికీ అద్దెకీ ఇచ్చే అప్పు తల్లిదండ్రుల ఆదాయాన్ని బట్టి ఉంటుంది. ఇంటికి దూరంగా, లండన్ బయట చదివేవాళ్ళకి 2025-26లో ఎక్కువలో ఎక్కువ 10,544 పౌండ్లు, తక్కువలో తక్కువ 4,915. ఇద్దరూ ఉద్యోగాలు చేసే మాలాంటి ఇంటికి ఆ తక్కువే. దాంతో చాలాచోట్ల హాస్టలు గది అద్దె కూడా పూర్తిగా రాదు. మిగతాది మీరే ఇవ్వాలని ఎవరూ ఉత్తరం రాసి చెప్పరు. ఎ-లెవెల్స్ మొదలయ్యే ఇయర్ 12 నుంచే నెలకి కొంత పక్కన పెట్టుకోవాల్సింది, మేం ఆలస్యంగా మొదలుపెట్టాం.

ఇంకొకటి, అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది. ఇక్కడి పిల్లల ఫీజు, ఈ అప్పు రెండూ వీసా స్థితిని బట్టే ఉంటాయి. ఇక్కడ స్థిరపడే అనుమతి, దానితోపాటు మూడేళ్ళ నివాసం ఉండాలన్నది మామూలు నియమం. మాకు తెలిసిన ఒక కుటుంబానికి ఆ అనుమతి కొన్ని నెలలు ఆలస్యమై, పిల్లాడు ఇక్కడే జీసీఎస్ఈలు, ఎ-లెవెల్స్ రాసి కూడా విదేశీ విద్యార్థి ఫీజు చూడాల్సొచ్చింది. ఆ తల్లి ఫోన్లో ఏడుస్తుంటే చెప్పడానికి నాకు మాట రాలేదు. మీ తేదీలు ఈ రోజే లెక్క చూసుకోండి.

న్యూకాజిల్ మా ఊరికి రైల్లో ఐదు గంటల దూరం. రెడింగ్‌నే మొదట పెట్టుకోవచ్చు కదా అని నేను ఒక్కసారే అన్నాను. ఇంట్లోంచి నడిచి వెళ్ళొచ్చు, అన్నం ఇంట్లోనే. ‘‘నీకు హాస్టలుకి ఎన్నేళ్ళకి పంపారమ్మా?’’ అంది. పదిహేనేళ్ళకి. నేనిక మాట్లాడలేదు. ఇప్పుడు శనివారాలు వంట నేర్పుతున్నాను. పప్పు, చారు వచ్చాయి. పోపులో ఆవాలు చిటపటలాడకముందే జీలకర్ర వేసేస్తుంది, చెప్తే మళ్ళీ చేస్తుంది. జ్వరమొస్తే ఏ జీపీ దగ్గర పేరు రాయించుకోవాలి, కరెంటు బిల్లు ఎలా చదవాలి, అద్దె కాగితంలో సంతకానికి ముందు ఏం చూడాలి అన్నవి వాళ్ళ నాన్న పని.

జాగ్రఫీ మొదటి పేపరు ఈ నెల్లోనే. ఫలితాలు ఆగస్టులో ఒక గురువారం ఉదయం వస్తాయి. అనుకున్న మార్కులు రాకపోతే రెడింగ్, అక్కడా కాకపోతే మిగిలిన సీట్ల కోసం క్లియరింగ్. ఆ దారి కూడా ముగ్గురం కూర్చుని చూసిపెట్టుకున్నాం.

మీ ఇంట్లో ఇయర్ 10 చదివే బిడ్డ ఉంటే, వచ్చే చలికాలానికి ఎ-లెవెల్ ఫారం మీ బల్ల మీదికొస్తుంది. అందులో ఏ పేరూ రాయకముందు ఒక పూట తీరిక చేసుకుని ఎందుకని అడగండి. అడిగాక, దయచేసి, జవాబు వాళ్ళనే చెప్పనివ్వండి.