ఎల్లారెడ్డిలో దోరమామిడి, సారపప్పు, ఒక నాటుకోడి

ఎల్లారెడ్డికి వెళ్ళదలచినవారు ముందుగా ఏ ఎల్లారెడ్డికో తేల్చుకోవడం మంచిది. కామారెడ్డి జిల్లాలోనే సదాశివనగర్ మండలంలో అడ్లూర్ ఎల్లారెడ్డి అని ఇంకొక ఊరుంది. పేరు సగమే విని బస్సెక్కితే ముచ్చటగా అక్కడ దిగవలసి వస్తుంది. నేను చెప్పబోయేది పాత తాలూకా ఊరైన ఎల్లారెడ్డి. మొన్నమొన్నటి దాకా నిజామాబాదు జిల్లాలో ఉండి, 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు దానిలో రెవెన్యూ డివిజను అయింది. మా అక్కను ఇచ్చింది ఈ ఊరికే.

వెళ్ళడానికి రెండు దారులు. రైలులో కామారెడ్డిలో దిగి, లింగంపేట మీదుగా బస్సులో పోవచ్చు. లింగంపేటలో నాగన్న బావి అనే పాత మెట్ల బావి ఉంది. తీరిక ఉంటే దిగి చూడదగింది. రెండవది మెదకు దారి. ఏటా వేసవి సెలవులకు నేను పట్టేది ఇదే. మెదకు దాటాక అడవి మొదలవుతుంది. ఒకనాడు నిజాం ప్రభువుల వేటభూమి, నేడు పోచారం అభయారణ్యం. 1922లో పూర్తయిన పోచారం చెరువు కట్ట దగ్గరకు వచ్చేసరికి బస్సులో నిద్రపోతున్నవారు కూడా మెడలు చాచి నీళ్ళవైపు చూస్తారు. ఈసారి మే మొదటివారంలో వెళ్ళాను. చెరువు నడుముకు దిగిపోయి, ఒడ్డంతా నెర్రెలిచ్చి ఉంది. టేకుచెట్లు మోడులు. ఆ మోడుల మధ్య అక్కడక్కడ పచ్చగా గుబురుగా కనిపించే చెట్టొకటి ఉంటుంది. దాని పేరు మొర్రి. ఈ కథలో దానికి పెద్ద పాత్రే ఉంది కనుక పాఠకులు గుర్తుంచుకోవాలి.

ఈసారి నా ప్రయాణం సరదా ప్రయాణం కాదు. బావగారికి చలికాలంలో గుండెనొప్పి వచ్చింది. హైదరాబాదు తీసుకొనిపోయి స్టెంటు వేయించారు. ప్రాణం నిలిచింది. కాని తిండి పోయింది. నూనె తగ్గించండి, వేపుళ్ళు మానండి, ఉప్పు చూచి వేయండి అని డాక్టరుగారు చెప్పిన నాటినుంచి ఆయన కంచం ముందు కూర్చోవడమే శిక్షగా భావిస్తున్నారు. ముప్పై యేండ్లు బడిపంతులుగా పనిచేసి, ఆదివారం పూట కోడికూర, జొన్నరొట్టె లేనిదే వారం పూర్తి కాలేదనుకొన్న మనిషి. పప్పునీళ్ళు, ఉడికిన సొరకాయ చూపిస్తే రెండు ముద్దలు తిని చేయి కడుక్కొంటున్నారు. మూడు నెలల్లో చొక్కాలు భుజాల మీదినుంచి జారుతున్నాయి. "తినకపోతే మందులు ఎవరికి పనిచేస్తాయి తమ్మీ?" అని అక్క ఫోనులో ఏడ్చింది. మేనకోడలు అమెరికానుంచి మూడు వారాల సెలవు పెట్టి వచ్చింది.

నేను వెళ్ళేసరికి వంటింట్లో ఒక వాదం నడుస్తున్నది. చికెన్ సాలడ్ చేస్తానని పిల్ల, చేయనివ్వనని తల్లి.

"కోడిని ఉడకేసి, సల్లార్చి, పండ్లల్ల కలుపుతదట తమ్మీ నా బిడ్డ! గట్ల ఎవలన్న తింటరా?" అన్నది అక్క.

వరండాలోంచి బావగారు అందుకొన్నారు: "నాకు రోగమైతే వచ్చింది గాని, నేను కోడిని కాలేదు గద, గింజలు సల్లితె తినెతందుకు!"

ఆ మాట విని అందరం నవ్వాం. మూడు నెలల తరువాత ఆయన చేసిన మొదటి హాస్యమట అది. నవ్వుతూనే అక్క కళ్ళొత్తుకొన్నది.

నిజానికి ఈ వంటకం మనకు అనుకొన్నంత దూరపు చుట్టమేమీ కాదు. న్యూయార్కులో వాల్డార్ఫ్ హోటలని ఉండేది. అందులో 1890ల నాటికే ఆపిలు ముక్కలు, సెలరీ కాడలు, మయొనైజు కలిపి ఒక సాలడ్ పెట్టేవారు. వాల్‌నట్ పప్పు అందులో తరువాత చేరింది. కోడిమాంసం కలిపే అలవాటు కూడా ఆ తరువాతిదే. 1953లో రెండవ ఎలిజబెత్తు రాణి పట్టాభిషేకపు విందుకు లండనులో వంటల బడి నడుపుతున్న కాన్‌స్టన్స్ స్ప్రై, రోజ్‌మెరీ హ్యూమ్ అనే ఇద్దరు మహిళలు చల్లార్చిన కోడిమాంసానికి మయొనైజుతోపాటు కాసింత కూరపొడి, ఆప్రికాటు పండ్ల గుజ్జు కలిపారు. కూరపొడి ఎవరిదో చెప్పనక్కరలేదు. సీమవాళ్ళు మన మసాలాను పండుతో కలిపి రాణిగారికి వడ్డిస్తే, మన మామిడిపండును మనం కోడితో కలపడం అపచారమా? ఇదే మాట అక్కతో అన్నాను. "రాణిగారికి గుండెనొప్పి వచ్చిందా ఏంది?" అని అడిగింది. తర్కంలో మా అక్కను గెలిచినవారు లేరు.

అయితే తెల్లదొరల వంటకాన్ని ఉన్నదున్నట్టు ఎల్లారెడ్డికి దించితే బావగారు ముట్టరని మేనకోడలికి తెలుసు. ముందుగా మయొనైజును పక్కన పెట్టింది. నూనె, గుడ్డుసొన కలిపి గిలకొట్టినదే మయొనైజు. సగానికి మించి నూనే. గుండెజబ్బు మనిషికి అది ఎలాగూ కాదు. పైగా పచ్చిగుడ్డుతో చేసిన మయొనైజు తిని కొందరు జబ్బుపడిన మీదట తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఒక సంవత్సరం పాటు దానిని నిషేధించింది కూడా. దానికి బదులు ఇంట్లో తోడుపెట్టిన పెరుగును పలుచని బట్టలో మూటగట్టి రెండుగంటలు వేలాడదీసింది. నీరంతా కారిపోయి వెన్నలాంటి ముద్ద మిగిలింది. ఇక ఆపిలు వద్దు, దోరమామిడి ఉంది. సెలరీ వద్దు, కీరదోస, ఉల్లికాడలు ఉన్నాయి. వాల్‌నట్ సంగతేమిటన్నది ప్రశ్న.

అందుకు అంగడికి పోయాం. ఎల్లారెడ్డి అంగడిలో మే నెలలో చూడవలసిన దృశ్యం మొర్రిపండ్ల గంపలు. చుట్టుపక్కల తండాలనుంచి ఆడవాళ్ళు తెల్లవారకముందే అడవికి పోయి, ఏరి తెచ్చి, మోదుగాకు దొప్పలలో పోసి అమ్ముతారు. పండు రేగుపండుకన్నా చిన్నది. పండితే నల్లబడుతుంది. పలుచని గుజ్జు, తీపిపులుపు. చప్పరించి గింజ ఉమ్మేస్తాం. ఆ ఉమ్మేసిన గింజలోనే ఉంది ధనమంతా. గింజను నీళ్ళలో నానబెట్టి, రుద్ది, ఎండబెట్టి, విసుర్రాయిలో వేసి చేయి బరువు తెలిసి తిప్పాలి. బరువు ఎక్కువైతే లోపలి పప్పు నలిగి పిండి అవుతుంది, తక్కువైతే పెంకు పగలదు. పగిలిన తరువాత చెరిగితే కందిపప్పంత పప్పు వస్తుంది. అదే సారపప్పు. మిఠాయిలలో, పాయసాలలో, హైదరాబాదీ మసాలాలలో చిరోంజీ అనే పేరుతో వెలిగేది ఇదే. గంపెడు పండ్లకు దోసెడు పప్పు కూడా రాదు. నగరంలో గాజుసీసాలో పోసి ఖరీదుగా అమ్మే ఈ సరుకుకు అడవిలో ఏరినవారికి దక్కేది ఎంతో ఊహించుకోవలసిందే.

మేము కొన్న దొప్ప అమ్మిన ముసలమ్మ దగ్గర సారపప్పు కూడా ఉంది, చీరకొంగులో మూట. "నా పెండ్లప్పుడు వాగొడ్డుకే ఉండె చెట్లు. ఇప్పుడు పొద్దంతా నడుసుడే" అన్నది. ఇది ఈ ఒక్క ఊరి గోడు కాదు. మధ్యభారతపు అడవులన్నింటిలోనూ ఇదే తంతు. ఒకరికంటే ముందు ఒకరు అందుకోవాలనే పోటీలో కాయ పండకముందే దూసేస్తారు, కొమ్మలే నరికి దించుతారు. పచ్చికాయలోని పప్పు ముదరదు. గింజ నేలరాలదు కనుక కొత్త మొలకా రాదు. ముసలమ్మ మాత్రం పండినవే తెచ్చింది. అక్క ఆమెతో బేరమాడలేదు. మా అక్క బేరమాడకపోవడం నేను చూడడం అదే మొదలు.

ఇక వంట. నాటుకోడికి ఓపిక కావాలి. బజారులో దొరికే ఫారంకోడి అరగంటలో ఉడుకుతుంది. పెరట్లో తిరిగి పురుగులు ఏరుకొని తిన్న కోడి కండ గట్టిది, గంటన్నర పడుతుంది. బాగుచేసిన కోడి కిలో వరకూ ఉంది. తోలు తీసేసి, నాలుగు పెద్ద ముక్కలు చేసి, మునిగేటన్ని నీళ్ళలో అల్లం ముక్క, పదిపన్నెండు మిరియాలు, చిటికెడు పసుపు, కొద్దిపాటి ఉప్పు వేసి సన్నని మంటమీద పెట్టింది పిల్ల. తెర్లనివ్వకూడదు, చిన్నచిన్న బుడగలు వస్తే చాలు. తెర్లితే కండ పీచు కడుతుంది. ఉడికాక ముక్కలను ఆ నీళ్ళలోనే కాసేపు ఉంచితే తడి ఆరిపోదు. ఆ మీదట తీసి, ఎముకలు వేరుచేసి, పోగులవెంట చేత్తో చీల్చాలి. కత్తి పెట్టవద్దు. అరకిలోకు కాస్త తక్కువ మాంసం వచ్చింది. ఐదుగురికి సరిపోయింది. ఉడికిన నీళ్ళను అక్క పారబోయనివ్వలేదు. రాత్రికి చారు కాచింది.

చీల్చిన మాంసాన్ని వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఇది వేసవిలో ముఖ్యం సుమండీ. ముప్పై రెండు డిగ్రీలు దాటిన వేడిలో వండిన మాంసాన్ని గంటకు మించి బయట ఉంచకూడదంటారు. ఎల్లారెడ్డిలో ఆ రోజు నలభై పైనే. కలిపిన తరువాత కూడా అంతే, వెంటనే తినేయాలి. పొద్దున కలిపి సాయంత్రం చుట్టాలకు పెడదామనుకొంటే చుట్టాలు ఆసుపత్రికి పోతారు.

దోరమామిడికాయలు రెండు. పూర్తిగా పండినవైతే ముద్దవుతాయి, పచ్చివైతే పళ్ళు పులుస్తాయి. వాటినీ కీరదోసనూ చిన్నచిన్న ముక్కలుగా కోయాలి. నాలుగు ఉల్లికాడలు, గుప్పెడు పుదీన సన్నగా తరగాలి. సారపప్పును నూనె లేకుండా మూకుడులో రంగు మారేదాకా వేయించాలి. చూపు పక్కకు తిప్పితే మాడుతుంది, అంత చిన్న పప్పు. గుప్పెడు చాలు. పప్పులో సగం నూనే కనుక, మంచిదని దోసిళ్ళతో పోయరాదు. పల్లీలు కూడా వేయించి, పొట్టు తీసి, బద్దలుగా కొన్ని. వడకట్టిన పెరుగులో నిమ్మకాయ పిండి, మిరియాలపొడి, వేయించిన జీలకర్రపొడి వేసి గిలకొట్టి, ముందు మాంసానికి పట్టించి, తరువాత ముక్కలు కలిపి, పప్పులు చివరన చల్లాలి. ముందే చల్లితే మెత్తబడి కరకర పోతుంది. ఉప్పు తగ్గిన లోటు నిమ్మరసం, మామిడి పులుపు చాలావరకు కప్పేస్తాయి. ఇదే ఈ వంటకంలోని కిటుకు.

మాంసం ముట్టని ఇళ్ళవారు ఈ పుట తిప్పేయనక్కరలేదు. కోడి స్థానంలో ఉడికించిన కాబూలీ శనగలు వేసినా బాగుంటుంది. పెరుగుపచ్చడికీ దీనికీ తేడా ఎంత? పొయ్యి ఎక్కించకుండా పచ్చిపులుసు చేసుకొనే తెలంగాణంవారికి పచ్చివి కలిపి తినడం కొత్త కాదు.

బావగారి ముందు గిన్నె పెట్టారు. ఆయన చాలాసేపు చూచారు. చెంచా ఇస్తే పక్కన పెట్టి, చేత్తో ఒక ముద్ద తీసుకొన్నారు. కూతురు తలుపుచాటున నిలబడింది, పరీక్ష ఫలితాలకు వచ్చిన పిల్లలా. సారపప్పు పంటికింద నలిగిన చప్పుడు నాకు వినిపించింది.

"ఇండ్ల మొర్రిపప్పు ఏసినవా?" అన్నారు.

"ఏసిన బాపూ."

"మా అమ్మ సంకురాత్రికి అరిసెలల్ల ఏసేది" అని రెండవ ముద్ద తీసుకొన్నారు. ఆ తరువాత మాట్లాడలేదు. గిన్నె ఖాళీ అయ్యాక మాత్రం, "ఒక పచ్చిమిరపకాయ తరిగి ఏస్తె ఏం పోయింది?" అన్నారు. పచ్చిమిరపకాయ వద్దని డాక్టరు చెప్పలేదని గుర్తుకువచ్చి అక్క లేచి వంటింట్లోకి పరుగెత్తింది. మిగిలిన దానిలో రెండు కాయలు తరిగి కలిపి, అడగకుండానే ఇంకొంచెం వడ్డించింది. వద్దనలేదు.

అట్లాగని అన్ని కష్టాలూ ఆ పూటతో గట్టెక్కలేదు. మరునాడు పొద్దున మళ్ళీ జావను దూరం నెట్టారు. కాని మధ్యాహ్నం, "ఇయ్యాల ఏం కలుపుతుండ్రు?" అని అడిగారు. నేనున్న తొమ్మిది రోజుల్లో కోడితో ఇంకొకసారి, శనగలతో రెండుసార్లు చేశారు. రెండవసారి కోడిసాలడ్ చేసింది అక్క. కూతురికన్నా సన్నగా తరిగింది, పుదీన తగ్గించి కొత్తిమీర పెంచింది, చీల్చిన కోడికి కాసింత ఎల్లిగడ్డ నూరి పట్టించింది. నిజం చెప్పవలసి వస్తే అదే బాగుంది. మేనకోడలి ముందు మాత్రం ఈ తీర్పు ప్రకటించలేదు.

తరువాతి అంగడినాడు ముసలమ్మ కోసం వెతికాం. సారపప్పు ఇంకో రెండు సోలలు కావాలని అక్క అడిగింది. "మిరుగం దాటితే పండు ఉండదు తల్లీ, గీ వారమే" అని, ఉన్నంత కొలిచి ఇచ్చింది. ఆ తరువాత పల్లీలతోనే సరిపెట్టుకోవాలి. మామిడి పోతే జామ వస్తుంది, దసరాకు ఈ గుట్టలనిండా సీతాఫలాలు పండుతాయి. కోడిలో సీతాఫలం కలిపి చూస్తానని మేనకోడలు అంటున్నది. దానికి మాత్రం బావగారూ నేనూ కలిసి అడ్డం పడ్డాం.